శంఖాన్ని కంటితో విన్నవారు: బధిరుల కళాసృష్టి

“చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు” అన్న సామెత మనకు కొత్త కాదు. దాని వెనుక ఒక చిన్న కథను కూడా పెద్దలు చెబుతారు. ఒకాయన బుగ్గలు పూరించి, మెడనరాలు బిగించి శంఖం ఊదుతూ ఉంటే, ఎదురుగా కూర్చున్న చెవిటివాడు జాలిపడి, “పాపం, ఎంతసేపటినుండి కొరుకుతున్నాడో, అది కొరుకుడు పడడం లేదు” అనుకొన్నాడట. విన్నవారందరూ నవ్వుతారు. చిన్ననాట మేమూ నవ్వినవారమే.

అయితే ఆ కథను ఇంకొకసారి నెమ్మదిగా తలచుకొంటే అందులో నవ్వవలసినది అంతగా కనబడదు. ఉబ్బిన బుగ్గలను, బిగిసిన నరాలను, ఎర్రబడిన ముఖాన్ని ఆ సభలో శ్రద్ధగా చూచినవాడు అతడొక్కడే. మిగిలినవారు నాదం విని కళ్ళు మూసుకొన్నారు. అతడు చెప్పుకొన్న అర్థం పొరపాటు కావచ్చు. అతని చూపులో మాత్రం పొరపాటు లేదు. చిత్రకారునికి కావలసిన మొదటి గుణం ఈ చూపే. నటునికి కావలసినదీ, కవికి కావలసినదీ కొంతవరకు ఇదే. చెవి పనిచేయని మనిషికి కళ దూరమని మనం అనుకొంటాం. నిజానికి దూరమైనది కళ కాదు. ఆ కళను నేర్పేవారి మాట అతనికి అందే దారి. ఈ రెండింటికీ గల భేదాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక పాత తప్పు

విషయంలోకి వెళ్ళేముందు నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. నేను ఉన్నత పాఠశాలలో చదివే రోజులలో మా తరగతిలో వినికిడి లేని బాలుడొకడు ఉండేవాడు. ఆ పాఠశాల పేరుతోగాని, అతని పేరుతోగాని ఇక్కడ పనిలేదు. బొగ్గుముక్క దొరికితే గోడమీద, సుద్దముక్క దొరికితే బండమీద బొమ్మలు వేసేవాడు. ఒక సంవత్సరం చిత్రలేఖనం పోటీ పెట్టారు. నిర్వాహకులు ముందు నిలిచి “వాన” అని విషయాన్ని నోటితో ప్రకటించి వెళ్ళిపోయారు. అందరమూ మేఘాలు, గొడుగులు, కాగితపు పడవలు గీశాము. అతడు మాత్రం ఎండిపోయిన చెరువును, నెర్రెలిచ్చిన ఒండ్రును, నీటికోసం మట్టిని మూచూస్తున్న ఒక బక్క ఆవును గీశాడు. న్యాయనిర్ణేతలు దానిని చేతిలోకి తీసుకొని కొంతసేపు చూశారు. “బాగుంది, కాని ఇందులో వాన లేదు” అని పక్కన పెట్టారు.

నేను అతని పక్కనే కూర్చున్నాను. విషయం అతనికి వినబడలేదని నాకు తెలుసు. ఒక చీటీమీద రెండక్షరాలు వ్రాసి చూపితే సరిపోయేది. నేనూ బహుమతి ఆశించినవాడినే కనుక వ్రాయలేదు. ఆ బహుమతి నాకూ రాలేదు. ఆ రెండక్షరాలు మాత్రం ఇప్పటికీ నాలో బాకీగా ఉండిపోయినాయి.

చెవిటితనం వేరు, మూగతనం వేరు

మన భాషలో “మూగ, చెవిటి” అనే రెండు మాటలు జంటగా నడుస్తాయి. శరీరశాస్త్రం దృష్టితో చూస్తే ఈ జంట సరియైనది కాదు. పుట్టుకతో వినికిడి లేని పిల్లలలో చాలామందికి కంఠం, నాలుక, పెదవులు అన్నీ సక్రమంగానే ఉంటాయి. మాట అనేది విని నేర్చుకొనే విద్య. వినబడని మాటను నాలుక ఎలా నేర్చుకొంటుంది? కాబట్టి అటువంటి పిల్లవాని మౌనం గొంతు లోపం కాదు. అతని కంటికి అందే భాషను చుట్టూ ఉన్నవారు సకాలంలో ఇవ్వకపోవడం వలన ఏర్పడిన కొరత అది.

ఈ కొరతను తెలివి లేమిగా భావించిన కాలం చాలా పెద్దది. మనుస్మృతి పుట్టు చెవిటివారిని, మూగవారిని వారసత్వంలో భాగం పొందనివారి జాబితాలో చేర్చింది. బ్రిటిష్ ఇండియాలో 1928లో వచ్చిన ఒక చట్టం మాత్రమే ఆ అనర్హతను తొలగించింది. ఐరోపాలోనూ ఇదే ధోరణి. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో సమావేశమైన బధిరవిద్యా నిపుణులు సైగల భాషను పాఠశాలలనుండి తొలగించి, పెదవుల కదలికతో మాటలే నేర్పాలని తీర్మానించారు. దాని ఫలితంగా కొన్ని తరాల పిల్లలు చేతులు కట్టుకొని కూర్చోవలసి వచ్చింది. మనదేశంలో బధిరుల పాఠశాలలు 1885 ప్రాంతంలో బొంబాయిలోను, 1893లో కలకత్తాలోను వెలిసినాయి. వాటిలోనూ చాలాకాలం నోటిమాటకే పెద్దపీట.

సైగల భాష కేవలం ముఖం చిట్లించి చేతులు ఊపడం కాదని, దానికి ధాతువులవంటి మూలాంశాలు, వాక్యనిర్మాణం, వ్యాకరణం ఉన్నాయని 1960లో అమెరికాలో విలియం స్టోకీ అనే పండితుడు నిరూపించాడు. చేతి ఆకారం, చేయి నిలిచే చోటు, దాని కదలిక అనే మూడింటి కలయికతో ఒక్కొక్క సంజ్ఞ ఏర్పడుతుంది. ముఖకవళికలు ప్రశ్నను, నిషేధాన్ని, తీవ్రతను సూచిస్తాయి. భారతీయ సంజ్ఞాభాష కూడా ఇటువంటి సంపూర్ణమైన భాషే. దాని పరిశోధనకు, శిక్షణకు కేంద్రప్రభుత్వం 2015లో ఢిల్లీలో ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థ సిద్ధపరచిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు చేరింది.

ఈ చరిత్రలో మన తెలుగునేలకు చెందిన ఒక పేరు గౌరవంగా నిలిచి ఉన్నది. 1983లో బొంబాయిలో స్థాపించబడిన జాతీయ బధిర సంస్థకు హైదరాబాదు వాస్తవ్యులైన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. వారు ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు ఉపకులపతిగా, వివిధ దేశాలలో రాయబారిగా, 1971 నుండి 1976లో మరణించేవరకు మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు.

మన రెండు సంప్రదాయాల సాక్ష్యం

సైగ పట్ల చులకన భావం మన ప్రాచీన సాహిత్య సంప్రదాయాలలో లేదు. తొమ్మిదవ శతాబ్దంలో బస్రా నగరంలో నివసించిన అరబ్బీ గద్యాచార్యుడు అల్ జాహిజ్ “అల్ బయాన్ వత్ తబ్యీన్” అనే గ్రంథంలో, మనసులోని భావం వెలికి వచ్చే మార్గాలను ఐదుగా విభజించాడు: ఉచ్చరించిన పదం, ఇషారా అనగా సైగ, వేళ్ళపై లెక్క, వ్రాత, చివరిది ఏమీ పలుకకుండానే అర్థాన్ని చెప్పే వస్తుస్థితి. వాగ్ధాటికి పేరు మోసిన అరబ్బీ పండితుడే సైగను పదం పక్కనే కూర్చోబెట్టడం గమనింపదగినది. ఇస్తాంబూల్‌లోని ఉస్మానియా సుల్తానుల అంతఃపురంలో బధిర సేవకులు ఉండేవారు. సుల్తాను సముఖంలో గట్టిగా మాట్లాడడం మర్యాద కాదు కనుక, వారి సంజ్ఞాభాషను రాజకుటుంబీకులు సైతం నేర్చుకొన్నారు.

ఇక మన భరతముని అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పాడు. వీటిలో చెవితో పని ఉన్నది వాచికం ఒక్కటే. తక్కిన మూడూ కంటికి సంబంధించినవి. ఒక్క చేతితో పట్టే అసంయుత హస్తాలు 24, రెండు చేతులతో పట్టే సంయుత హస్తాలు 13 నాట్యశాస్త్రంలో ఉన్నాయి. నాట్యముద్రలే సంజ్ఞాభాష అని పొరబడకూడదు. ముద్ర సంగీత సాహిత్యాలను అనుసరిస్తుంది, సంజ్ఞాభాష తనంతట తానే సంభాషణ నడుపుతుంది. కాని చేయి అర్థాన్ని మోయగలదన్న మూలసూత్రం రెండింటికీ ఒకటే. ఆ సూత్రాన్ని వేల సంవత్సరాలుగా పూజించిన మనమే, వీధిలో ఇద్దరు బధిరులు చేతులతో మాట్లాడుకొంటే ఆగి వింతగా చూస్తున్నాము.

చిత్రకారులు

బధిరులు మొట్టమొదట పేరు సంపాదించిన రంగం చిత్రలేఖనం. పదహారవ శతాబ్దంలో స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఆస్థానంలో నవరెతే అనే చిత్రకారుడు ఉండేవాడు. పసితనంలోనే వినికిడి పోయినవాడు. లోకం అతనిని “మూగవాడు” అనే బిరుదుతోనే పిలిచింది. అయినా ఎస్కోరియల్ మహామందిరానికి చిత్రాలు వేసే బాధ్యత అతనికే దక్కింది. అదే దేశంలో గోయా 1792లో వచ్చిన తీవ్రమైన జబ్బువలన నడివయసులో చెవిటివాడయ్యాడు. అంతకుముందు ప్రభువుల ముఖాలను, పండుగ వేడుకలను చిత్రించిన అతని కుంచె ఆ తరువాత మనిషి భయాలను, మూఢత్వాన్ని, యుద్ధంలోని క్రౌర్యాన్ని చిత్రించింది. 1819, 1823 సంవత్సరాల మధ్య తన ఇంటి గోడలమీదనే అతడు వేసుకొన్న నల్లని చిత్రాలు నేడు ప్రపంచ కళానిధులు.

మన దేశంలో ఈ వరుసలో అగ్రస్థానం సతీశ్ గుజ్రాల్‌ది. 1925 డిసెంబరు 25న, నేడు పాకిస్తాన్‌లో ఉన్న జీలం పట్టణంలో జన్మించారు. భారత ప్రధానిగా పనిచేసిన ఇందర్ కుమార్ గుజ్రాల్ వీరి అన్న. ఎనిమిదేళ్ళ వయసులో కాశ్మీరులో జరిగిన ప్రమాదం, దాని వెంట వచ్చిన అనారోగ్యం వలన సతీశ్ వినికిడి పోయింది. చాలాకాలం మంచంపట్టి ఉండవలసి వచ్చింది. ఆ ఒంటరితనంలో ఆ బాలునికి తోడు నిలిచినవి రెండు: ఉర్దూ పుస్తకాలు, బొమ్మలు. లాహోరులోని మేయో కళాశాలలోను, తరువాత బొంబాయిలోని జె. జె. కళాశాలలోను శిక్షణ పొందారు.

1947లో దేశవిభజన జరిగినపుడు ఆయన వయసు ఇరవై రెండేళ్ళకు లోపు. శరణార్థుల కష్టాలను కళ్ళారా చూచారు. అటు తరువాతి కొన్ని సంవత్సరాలలో ఆయన వేసిన విభజన చిత్రాలలో ముఖాలు కప్పుకొన్న స్త్రీలు, మెలితిరిగిన చేతులు, ముద్దగా ఒదిగిన శరీరాలు కనబడతాయి. ఆ చిత్రాలలో ఏడుపును వినిపించే నోటికంటె దానిని ఆపుకొనే వీపు, పిడికిలి ఎక్కువగా మాట్లాడతాయి. దుఃఖాన్ని చెవితో తెలుసుకొన్నవారు నోటిని చిత్రిస్తారు. కంటితో తెలుసుకొన్నవాడు శరీరమంతటా దానిని చూస్తాడు. ఇది నా ఊహ మాత్రమే. ఆ చిత్రాల ముందు నిలిచినవారు తమ నిర్ణయం తాము చేసుకోవచ్చు.

1952లో ఉపకారవేతనంపై మెక్సికో వెళ్ళి దీగో రివేరా, సికేరోస్ అనే కుడ్యచిత్ర మహామహుల వద్ద ఆయన పనిచేశారు. హిందీ, ఉర్దూ, పంజాబీ మాటలకే చెవి లేని యువకుడు స్పానిష్ మాట్లాడే దేశంలో విద్య నేర్చుకొని వచ్చాడంటే, గురుశిష్యుల నడుమ గోడను, కుంచెను, రంగును మించిన దుబాసీ అవసరం లేదని తెలుస్తుంది. తిరిగి వచ్చి కుడ్యచిత్రాలు, శిల్పాలు, చివరకు భవన నిర్మాణం వరకు ఆయన కళ విస్తరించింది. ఢిల్లీలోని బెల్జియం రాయబార కార్యాలయ భవనం ఆయన రూపకల్పనే. వాస్తుశిల్పంలో ఆయనకు పట్టా లేదు. 1998లో జరిగిన శస్త్రచికిత్స వలన ఆరు దశాబ్దాల తరువాత శబ్దం మళ్ళీ ఆయన చెవిని చేరింది. 1999లో పద్మవిభూషణ్ లభించింది. 2020 మార్చి 26న పరమపదించారు. ఆయన ఖ్యాతికి మూలమైన పనిలో అధికభాగం నిశ్శబ్దంలోనే జరిగింది.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం కలుగవచ్చు. గుజ్రాల్‌కు ఎనిమిదేళ్ళ వరకు వినికిడి ఉన్నది. భాష అప్పటికే పట్టుబడింది. పుస్తకాలు కొని ఇచ్చే తండ్రి ఉన్నాడు. ఆ మూడూ లేని పల్లెటూరి పిల్లవాని సంగతి ఏమిటి? ఈ సందేహమే రచయితల విషయంలో మరింత తీవ్రంగా ఎదురవుతుంది.

రచయితలు, చేతి కవులు

పుట్టుకతో చెవిటియైన బాలునికి తెలుగు మాతృభాష కాదు, ఉర్దూ మాతృభాష కాదు. తల్లి జోలపాట అతని చెవిన పడలేదు. మనం ఆరేళ్ళ వయసులో అక్షరాలు దిద్దేనాటికి వేలకొలది మాటలు మన నోట ఉంటాయి. అక్షరం ఆ మాటలకు తొడుగు మాత్రమే. అతనికి అక్షరమే మొదటి మాట. వ్రాసిన భాషను అతడు పరభాషవలె ఒక్కొక్క పదమే పోగుచేసుకోవాలి. బధిరులలో చిత్రకారులు ఎక్కువగా, గ్రంథకర్తలు తక్కువగా కనబడడానికి కారణం ఇదే. ప్రతిభ తక్కువై కాదు.

అయినప్పటికీ దారి చూపినవారు ఉన్నారు. పందొమ్మిది నెలల పసితనంలో చూపును, వినికిడిని రెండింటినీ పోగొట్టుకొన్న హెలెన్ కెల్లర్, అరచేతిలో వేలితో వ్రాసిన అక్షరాల ద్వారా భాష నేర్చి, 1903లో తన జీవితకథను ప్రచురించింది. 1955లో ఆమె మన దేశంలో పర్యటించింది. మన తెలుగులో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కథ కొంచెం వేరు. వారిది చెవిటితనం కాదు. 1963 ప్రాంతంలో గొంతు జబ్బువలన వాక్కు పోయింది. రేడియోలో, సభలలో మధురంగా పలికిన కంఠం మూగవోయింది. ఆపైన వారు కాగితాలమీద వ్రాసి సంభాషించేవారు. ఆ మౌనంలోనే “ఉండమ్మా బొట్టు పెడతా”, “అమెరికా అమ్మాయి”, “గోరింటాకు” వంటి చలనచిత్రాలకు పాటలు వ్రాశారు. 1980లో కీర్తిశేషులయ్యారు. పాట పుట్టేది గొంతులో కాదని తెలుగువారికి వారికంటె బాగా చెప్పినవారు లేరు.

పుట్టు బధిరుల కవిత్వం ఇంకొక రూపంలో ఉన్నది. అది కాగితం మీద లేదు, చేతులలో ఉన్నది. బ్రిటన్, అమెరికా దేశాలలో జీవించిన డొరొతీ మైల్స్ అనే బధిర కవయిత్రి ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ సంజ్ఞాకవిత్వానికి బాట వేసింది. మన ఛందస్సుతో పోల్చి చూస్తే దాని లక్షణం సులభంగా బోధపడుతుంది. పద్యంలో ప్రతిపాదం రెండవ అక్షరం ఒకే హల్లుగా నిలిస్తే ప్రాస అంటాము. సంజ్ఞాకవి ఒకే చేతి ఆకారాన్ని, ఉదాహరణకు తెరిచిన అరచేతిని లేదా మూసిన పిడికిలిని, వేర్వేరు అర్థాలు గల పదాలలో వరుసగా నిలుపుతాడు. చూచే కన్ను ఆ ఆకారాన్ని గుర్తుపట్టి ఎదురుచూస్తుంది. అది కంటి ప్రాస. కుడి ఎడమ చేతులు త్రాసువలె సరితూగడం, వేగం హెచ్చి తగ్గడం, ఒక సంజ్ఞ కరిగి మరొక సంజ్ఞగా మారడం అతని గణాలు, యతులు. ఇటువంటి కవితను అచ్చు వేయలేము. చలనచిత్రంగా తీస్తేనే నిలుస్తుంది. ఈనాడు ప్రతి చేతిలోను ఉన్న ఫోను కెమెరా ఈ కవులకు తాళపత్రం వంటిది.

నటులు, నర్తకులు, వాద్యకారులు

మూకీ చిత్రాల కాలంలో చలనచిత్రశాలలో బధిరుడు అందరితో సమానుడు. కథ కంటికి కనబడేది. మాట అవసరమైన చోట తెరమీద అక్షరాలు వచ్చేవి. గ్రాన్‌విల్ రెడ్మండ్ అనే బధిర చిత్రకారునికి చార్లీ చాప్లిన్ తన స్టూడియోలోనే బొమ్మలు వేసుకోవడానికి చోటిచ్చి, తన చిత్రాలలో వేషాలు కూడా ఇచ్చాడు. 1931లో విడుదలైన “సిటీ లైట్స్”లో శిల్పి వేషం అతనిదే. అదే సంవత్సరం మన దేశంలో “ఆలం ఆరా”, 1932లో తెలుగులో “భక్త ప్రహ్లాద” మాటలతో వచ్చినాయి. దేశమంతా సంబరపడిన ఆ దినాలలో బధిర ప్రేక్షకుని ఎదుట తెర ఉన్నా కథకు తలుపు మూసుకొన్నది. ఆ సంగతి ఎవరికీ తట్టినట్లు లేదు.

ఆ తరువాత తెరమీద మూగ చెవిటి పాత్రలు వచ్చినాయి, బధిరులు రాలేదు. 1972లో ఉర్దూ కవి గుల్జార్ తీసిన “కోషిష్” ఒక బధిర దంపతుల ఆత్మగౌరవాన్ని గొప్పగా చూపింది. సంజీవ్ కుమార్ ఆ పాత్రకు జాతీయ పురస్కారం పొందారు. 1976లో కె. విశ్వనాథ్ “సిరిసిరిమువ్వ”లో మాటలేని నర్తకిగా జయప్రద తెలుగువారి మనసు దోచింది. ఇవి ఉత్తమ చిత్రాలే. అయినా ఆ వేషాలన్నీ వినగలిగి, మాట్లాడగలిగిన నటులవే.

2009లో తమిళంలో వచ్చిన “నాడోడిగళ్” ఈ వరుసను తిప్పివేసింది. పుట్టుకతో వినికిడి, మాట లేని అభినయ అనే యువతి అందులో మాట్లాడే పాత్రను ధరించింది. దాని తెలుగు రూపం “శంభో శివ శంభో” 2010లో వచ్చింది, అందులోనూ ఆమెయే. 2013లో “సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు” చూచిన ప్రేక్షకులలో చాలామందికి ఆమెకు వినబడదన్న సంగతే తెలియదు. సంభాషణకు తగినట్లు పెదవులు కదిలించడం, ఎదుటి నటుని మాట ముగిసిన క్షణాన్ని కంటితో కనిపెట్టడం ఆమె సాధన, కంఠం వేరొకరిది. పాశ్చాత్య దేశాలలో 1987లో మార్లీ మాట్లిన్, 2022లో ట్రాయ్ కాట్సర్ అనే బధిర నటులు ఆస్కార్ పురస్కారం అందుకొన్నారు.

నృత్య సంగీతాల మాటేమిటి అని అడుగవచ్చు. శబ్దం గాలిలో మాత్రమే ఉండదు. నేలలో, కొయ్యలో, ఎముకలో కూడా ప్రయాణిస్తుంది. స్కాట్లండ్ దేశపు ఎవెలిన్ గ్లెన్నీ పన్నెండేళ్ళనాటికి దాదాపు వినికిడి పోగొట్టుకొని, తాళవాద్యాలలో ప్రపంచఖ్యాతి గడించింది. వేదికపై ఆమె పాదరక్షలు విడిచి, నేలలోని కంపనాన్ని అరికాళ్ళతో గ్రహిస్తుంది. ఇందుకోసం స్కాట్లండ్ దాకా పోనక్కరలేదు. మన నార్పల మండలం గూగూడులో మొహరం సమయాన కుళ్ళాయిస్వామి పీరు లేచినపుడు, హిందువులు ముస్లిములు కలిసి నడిచే ఆ జనసందోహంలో దప్పు మోత మన గుండెలమీద తగులుతుంది. అది చెవిటివాని గుండెకు కూడా తగులుతుంది. ఇక మన కర్ణాటక సంగీతంలోని తాళం స్వభావంచేతనే కంటికి కనబడేది. ఆదితాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, పిదప దెబ్బ, విసురు, దెబ్బ, విసురు: మొత్తం ఎనిమిది. గురువు ఎదుట నిలిచి చేయి వేస్తే బధిర విద్యార్థి అడుగు తప్పకుండా నర్తించవచ్చు.

మన కరువుసీమలో

ఇంతదూరం చెప్పినది మన జిల్లాకు ఎలా వర్తిస్తుంది? అనంతపురం వానకు ముఖం వాచిన సీమ. ఇక్కడ ఏటా కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే. వేరుశనగ చేతికందని సంవత్సరం తల్లిదండ్రులు పిల్లల చదువు మాన్పించి వలసపోతారు. వినికిడి ఉన్న పిల్లల గతే ఇది అయితే, లేని పిల్లవాడు ఇంటికాపలాకు, గొర్రెలకాపలాకు మిగిలిపోవడంలో ఆశ్చర్యం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం గలవారు 50 లక్షలకు పైబడి ఉన్నారు. వారిలో మన పల్లెల పిల్లలూ ఉన్నారు.

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మన జిల్లాలో వినికిడి లేని పిల్లలకు వసతి పాఠశాలలను నడిపింది. వికలాంగ మహిళలకు హస్తకళలు నేర్పి పని కల్పించే కార్యశాలలను కూడా ఏర్పరచింది. వైద్యరంగంలోనూ మార్పు వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత పేద పిల్లలకు సైతం కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స అందింది. కాని ఆ చికిత్స పసితనంలోనే జరగాలి. జరిగిన తరువాత సంవత్సరాల తరబడి శిక్షణ కావాలి. ఆ వయసు దాటినవారికి, శిక్షణ అందనివారికి కంటిభాషే ఆధారం. కాబట్టి ఒకటి వచ్చినదని రెండవదానిని వదలరాదు.

మన సీమ కళలలో కంటికి సంబంధించిన సంపద అపారం. పదహారవ శతాబ్దంలో లేపాక్షి వీరభద్రాలయం పైకప్పుమీద విజయనగర చిత్రకారులు పురాణాలను మాట లేకుండా చెప్పారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళ తరతరాలుగా నిలిచి ఉన్నది; అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. ఈ రెండు గ్రామాలూ 2022నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా, మన సంస్కృతికి సరిహద్దు రాళ్ళు లేవు. తోలుబొమ్మలాటలో రెండు పాళ్ళు ఉన్నాయి. తెరవెనుక పాట, పద్యం, గజ్జెల చప్పుడు ఒక పాలు. మేకతోలును పారదర్శకంగా పదునుచేసి, సన్నని రంధ్రాలు కొట్టి, రంగులద్ది బొమ్మగా మలచడం రెండవ పాలు. ఆటలు తగ్గిన ఈ కాలంలో ఆ కళాకారులు దీపపు తొడుగులు, గోడబొమ్మలు చేసి జీవిస్తున్నారు. అనగా వినబడే పాలు క్షీణించినా, కనబడే పాలు అన్నం పెడుతున్నది. ఈ పనిలో చెవితో అవసరమే లేదు. అటువంటి గురువుల చెంతకు మన బధిర బాలబాలికలను చేర్చగలిగితే, కళకు వారసులు, వారసులకు జీవిక ఒకేసారి లభిస్తాయి.

మన చేతిలో ఉన్న పని

విద్యార్థి మిత్రులారా, పాలకవర్గ పెద్దలారా! ఇందుకు లక్షల రూపాయలు అక్కరలేదు. కొన్ని చిన్న పనులను సవినయంగా సూచిస్తున్నాను.

మన కళాశాలలో ఏ పోటీ జరిగినా దాని విషయాన్ని నోటితో చెప్పడంతో సరిపెట్టక, నల్లబల్లమీద తెలుగులోను, ఉర్దూలోను వ్రాయాలి. వార్షికోత్సవాన మన జిల్లాలోని బధిర విద్యార్థులను ఆహ్వానించి, వేదిక స్పష్టంగా కనబడే ముందు వరుసలో కూర్చోబెట్టాలి. సంజ్ఞాభాష తెలిసిన ఒకరిని వెలుతురు పడేచోట నిలబెట్టాలి. వారు వేసిన చిత్రాలను దయాదాక్షిణ్యాల శీర్షిక కింద గాక, మిగిలినవారి చిత్రాల సరసనే ప్రదర్శించాలి. మన ముషాయిరాలో “వాహ్వా” అని ఎలుగెత్తుతాము. ఆనాడు బధిరుల పద్ధతిలో రెండు చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించి మెచ్చుకోలు తెలుపుదాం. అన్నింటికంటె ముఖ్యంగా, సెలవులలో పదిమంది విద్యార్థులైనా భారతీయ సంజ్ఞాభాషలో ప్రాథమిక శిక్షణ పొందాలి. రెండు భాషలకు నిలయమైన మన విద్యాలయంలో మూడవ భాషకు చోటు చాలకపోదు.

ఆనాటి చిత్రం సంగతి చెప్పి ముగిస్తాను. వాన అనగానే మేమందరం పుస్తకాలలో చూచిన వానను గీశాము. ఆ బాలుడు విషయం తెలియక గీసినా, తాను చూచినదానినే గీశాడు. ఆ ఎండిన చెరువు, ఆ బక్క ఆవు అనంతపురం జిల్లాలో వానకు అసలైన చిత్తరువులు. చీటీ మీద రెండక్షరాలు వ్రాసి ఇచ్చి ఉంటే, అతడు ఆ చెరువులోనే ఏ మూలనో ఒక చినుకును పడనిచ్చేవాడేమో! శంఖం ఊదేవారు ఊదుతూనే ఉంటారు. దానిని కంటితో విన్నవాడు ఏమి చూశాడో అడిగి తెలుసుకోవడం ఇక మన వంతు.